ముప్ఫై రూపాయలకు రెండు వందల నవలలు

ఆ రోజుల్లో పుస్తకాల విషయంలో నాకు ఒకే ఒక్క నియమం ఉండేది, డబ్బిచ్చి కొనకూడదని. నియమమని గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, చేతిలో డబ్బు ఆడని ప్రతివాళ్లకూ ఉండే నియమమే అది. ఇప్పుడు నెలకింతని కడితే వేల పుస్తకాలు ఫోన్లోకి వచ్చి కూర్చుంటున్నాయి. నేనేమో రోజంతా బడి ఆఫీసులో హాజరు పట్టీలతో కుస్తీపట్టి ఇంటికొచ్చి, అయిదో పేజీ దాటకుండానే కళ్లు నలుపుకుని ఫోను పక్కన పడేస్తున్నాను. అప్పట్లో అలా కాదు. పుస్తకం దొరకడమే గగనం, దొరక్కపోతే నా కూలిలో సగానికి పైగా పోయేది. పుస్తకానికీ కూలికీ ఏమిటి సంబంధం అంటారా, చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. (నాకు ఎలాగూ లేదు, మీకైనా ఉండాలి.)

డిగ్రీలో రెండు పేపర్లు మిగిలిపోయాయి. ఇంట్లో ఊరికే కూర్చుంటే అమ్మ చూపులు భరించలేక, పలాసలో ఒక చిన్న జీడిపప్పు షెడ్డులో పొట్టు తీసే పనికి కుదిరాను. వేయించి, కొట్టి, ఆరబెట్టిన పప్పుకు ఎర్రటి పొట్టు అంటుకుని ఉంటుంది. దాన్ని చిన్న చాకుతో గీరి తీయాలి. విరగని పప్పును గుండు అంటారు, గుండు గుండుగానే మిగలాలి. రెండుగా చీలి బద్ద అయితే కూలి తగ్గుతుంది, ముక్కలైతే మేస్త్రీ మొహం చూడలేం. సాయంత్రం తూకం వేసి, ఎంత పప్పుకు అంత కూలి. పొట్టు ఎగురుతుందని ఫ్యాను వేయరు. పద్దెనిమిది మంది ఆడవాళ్లం ఆ ఉక్కలో నేల మీద రెండు వరసల్లో కూర్చునేవాళ్లం. నా చేతి పని గురించి చెప్పుకోకపోతేనే మంచిది. అందరి తట్టలూ నిండేసరికి నా తట్ట అడుగు ఇంకా కనబడుతూ ఉండేది, ఉన్న కాస్తలోనూ ముక్కలే ఎక్కువ. మొదటి వారం మేస్త్రీ అందులోకి తొంగిచూసి, “ఏటమ్మా, పొట్టు తియ్యమంటే పచ్చడి సేస్తన్నావేటి?” అన్నాడు. వారం చివర నన్ను మానేయమంటాడని అందరికీ తెలుసు.

అయితే ఆ షెడ్డులో ఎప్పటినుంచో ఒక అలవాటు ఉంది. ఒకరు కథల పుస్తకం పైకి చదవాలి, మిగతావాళ్లు వింటూ పని చేసుకోవాలి. చదివే మనిషికి పని సాగదు కనక, సాయంత్రం తూకానికి ముందు ఒక్కొక్కరూ తమ తట్టలోంచి గుప్పెడు పప్పు తీసి ఆ మనిషి తట్టలో వేస్తారు. దాన్ని ‘సదువు గుప్పెడు’ అనేవారు. మేస్త్రీ కూడా అడ్డుచెప్పేవాడు కాదు. (కథ వినేవాళ్లు పప్పు నోట్లో వేసుకోవడం మరిచిపోతారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఒట్టిదని ఆయనకు తప్ప అందరికీ తెలుసు.) అంతకుముందు చదివే ఆవిడ కళ్లు మసకేసి మానేసింది. వరసలో మొదట కూర్చునే పెద్దావిడను అందరం గుండ్ల పెద్దమ్మ అనేవాళ్లం, ఆవిడ చేతిలో పప్పు విరగ్గా చూసినవాళ్లు లేరు. ఆవిడే నా తట్ట చూసి జాలిపడి, “ఈ గుంటకి సేతులు నేవు గానీ నోరున్నాది. పుస్తకం దీనికియ్యండి” అని తీర్పు చెప్పింది. ఆ పూట నుంచి నేను పంతులమ్మనయ్యాను. రోజుకు పదిహేడు గుప్పెళ్లు, అందులో పెద్దమ్మ గుప్పెడంతా గుండ్లే.

కాశీబుగ్గలో ఒక అద్దె పుస్తకాల బడ్డీ ఉండేది. అట్టలు ఊడిన నవలలు అక్కణ్నుంచి తెచ్చి చదివేదాన్ని. ఏడాది తిరక్కుండా అది మూతపడింది. అదే బడ్డీని మా మేనత్త కొడుకు తీసుకుని సెల్ పాయింట్ పెట్టాడు. నవలలుండే అరల్లో ఫోను కవర్లు వేలాడదీశాడు. నేను వెళ్లి ఇప్పుడు నా గతేమిటని ఏడుపు మొహం పెడితే, మూల పగిలిన ట్యాబ్ ఒకటి బయటికి తీశాడు.

“పుస్తకాలన్నీ ఇందులోకే వచ్చీసినాయి. ఇంకా కాయితాలేటే?” అన్నాడు బావ.

“ఇందులో నవలలు వస్తాయా?”

“ఏటి కావాలంటే అది వస్తాది. మెమరీ కార్డులో ఎక్కిస్తాను. పాటలైతే పదిహేను, సినిమాలైతే ఇరవై. పుస్తకాలు ఇంతవరకూ ఎవుడూ అడగనేదు. నువ్వు ముప్ఫై ఇయ్యి.”

నాలుగు రోజుల తర్వాత వెళితే, యుద్ధం గెలిచి వచ్చినవాడిలా ఆ కార్డు ట్యాబ్‌లో దూర్చి, ట్యాబ్ వాడుకోమని చేతిలో పెట్టాడు. రెండు వందల నవలలు. “ఇంక సచ్చేదాకా సదువుకో” అని దీవించాడు. ముప్ఫై రూపాయలకు రెండు వందల నవలలు! బస్సులో ఆ పేర్లన్నీ చూసుకుంటూ నా స్టాపు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచి వచ్చాను.

మొదటి నవల మూడు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం పెళ్లికొడుకు తాళి చేత్తో పట్టుకున్నాడు, పందిట్లోంచి ఎవరో “ఆపండి” అని అరిచారు. నేను పేజీ తిప్పాను. ‘ఉచిత నమూనా ఇక్కడితో పూర్తయింది. పూర్తి పుస్తకం కోసం ఇక్కడ నొక్కండి’ అని ఉంది. జీడినూనె అంటిన బొటనవేలితో నాలుగుసార్లు నొక్కితే, బ్యాంకు కార్డు నంబరు అడిగింది. అప్పటికి బ్యాంకు కార్డు అంటే బ్యాంకు గోడ మీది బొమ్మలో చూడటమే నాకు తెలుసు. చాకుల చప్పుడు ఆగిపోయింది. “ఎవులే అరిసినాది?” అని వెనక వరసలోంచి అడిగారు. నేను ఖాళీ తెర వంక చూస్తూ, “పెళ్లికూతురి మేనమామ” అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. అన్న తర్వాత ఆ మేనమామను పందిట్లో ఊరికే నిలబెట్టలేను కదా, తూకం గంట కొట్టేదాకా ఆయన చేత మాట్లాడిస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రం పదిహేడు గుప్పెళ్లూ పడ్డాయి.

నేరుగా బావ దగ్గరికి వెళ్లి, ట్యాబ్‌లోంచి కార్డు తీసి బల్ల మీద పడేశాను. చూస్తే రెండు వందలూ అంతే, అన్నీ మొదటి నాలుగైదు అధ్యాయాలే. ఎవరైనా ఊరికే దించుకోగలిగే నమూనాలను ఏరి, నాకు ముప్ఫై రూపాయలకు అమ్మాడు. పాపం, తెలిసి చేసిన పని కాదు.

“సినిమా అయితే సైజు సూసి సెప్పీగల్ను. పుస్తకం సగమున్నాదో నిండా ఉన్నాదో నాకేటి తెలుస్తాది?” అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, “మొదలైతే ఉన్నాది కదా. సివర నువ్వే అనుకో” అని సలహా ఇచ్చాడు.

పూర్తి పుస్తకాలు కొనాలంటే ఒక్కోటి దగ్గర దగ్గర నా ఒకరోజు కూలి. రోజుల తరబడి వెతికితే పూర్తిగా ఉచితంగా దొరికినవీ లేకపోలేదు. ఒకటి పేజీలన్నీ అడ్డంగా పడుకుని ఉంది, ట్యాబ్ తిప్పితే అవీ తిరిగి మళ్లీ అడ్డంగానే పడుకునేవి. ఇంకొకటి వరికి ఎరువులు ఎప్పుడెప్పుడు వేయాలో చెప్పే పుస్తకం. తెగించి దాన్ని ఒకరోజు చదివాను. ఆ సాయంత్రం మూడు గుప్పెళ్లు పడ్డాయి, ఆ ముగ్గురికీ పొలాలున్నాయి. ఇక చేసేది లేక బావ మాటే పట్టుకున్నాను.

నిజం చెబుతున్నాను, పొట్టు తీయడం కంటే అది పదింతలు కష్టం. సోమవారం నుంచి బుధవారం దాకా ఎవరో కడుపు నిండినవాళ్లు తీరిగ్గా రాసిన మొదలు, గురువారం నుంచి నా తిప్పలు. పైగా ఏ కథైనా శనివారానికి తేలిపోవాలి. సగం కథ కడుపులో పెట్టుకుని ఆదివారం ఇల్లు అలుక్కోలేమని వాళ్ల పట్టు. గొంతులోకి పొట్టు దుమ్ము పోయేది, వీపు పట్టేసేది. శనివారం నాలుగు గంటలకు కథలో ఇంకా ఆరుగురు మిగిలి ఉంటే వాళ్లను ఎటు తోలాలో తోచేది కాదు. అప్పుడు కొందరికి జ్వరం తెప్పించేదాన్ని, మిగిలినవాళ్లను రైలెక్కించేదాన్ని. మొదట్లో బాగానే చెల్లింది. తర్వాత్తర్వాత, “ఈ పుస్తకాలు రాసినోళ్లకేటి రోగమే? శనివారం వచ్చిందంటే ఊరంతా రైలెక్కి ఎలిపోతన్నారు” అని సణగడం మొదలైంది. ఒకావిడ, “రైలెక్కినోళ్లు అదృష్టవంతులే, జొరమొచ్చినోడు ఒక్కడూ బతకనేదు” అంది. నేను తలవంచుకుని తెర వంక చూస్తూ ఉండేదాన్ని. నా బతుకు గుప్పెళ్ల మీద నడుస్తోంది, రచయితల పరువు కాపాడే ఓపిక నాకు లేదు.

అలాంటి ఒక వారం అక్కాచెల్లెళ్ల కథ వచ్చింది. పెళ్లిలో ఏదో మాట పట్టింపు. అక్క నలుగురిలో చెల్లెల్ని ఒక మాట అంటుంది, చెల్లెలు సంచీ సర్దుకుని గడప దాటుతుంది, నమూనా అక్కడితో సరి. ఆ వారం నాకు నిజంగానే జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. శుక్రవారం దాకా ఈడ్చాను. శనివారం మూడున్నరకే చెల్లెల్ని రైలెక్కించి, అక్కకు జ్వరం తెప్పించి, చెల్లెలు రాకముందే చంపేశాను. చంపి మంచినీళ్లు తాగాను. అందరూ మళ్లీ పప్పు మీదికి వంగారు. గుండ్ల పెద్దమ్మ మటుకు తూకం కాకుండానే లేచి వెళ్లిపోయింది. తర్వాతి రెండు రోజులు మాతో కలిసి టీ తాగలేదు, గుప్పెడు మాత్రం వేసింది. ఆవిడకు పన్ను నొప్పి కాబోలనుకున్నాను. (ఇరవై రెండేళ్ల వయసులో ఎదుటివాళ్ల బాధలన్నీ పన్ను నొప్పిలాగే కనబడతాయి.)

ఇది జరిగిన కొన్నాళ్లకు మా వరసలోకి ఒక కొత్త కోడలు వచ్చింది. శృంగవరపుకోట పిల్ల, డిగ్రీ పూర్తిచేసింది, చేతిలో మంచి ఫోనుండేది, బ్యాంకు కార్డు కూడా ఉండేది. అందరం కోట కోడలు అనేవాళ్లం. టీ తాగేటప్పుడు ఎవరో ఆ అక్కాచెల్లెళ్ల కథ ఎత్తి, “సివరికి అక్క సచ్చిపోనాది పాపం” అన్నారు.

“అదేటి? ఆ పుస్తకం మా కాలేజీ లైబ్రరీలో ఉండేది, నాను సదివినాను. అక్క సావదు కదా” అంది కోట కోడలు.

పద్దెనిమిది మొహాలు నా వైపు తిరిగాయి. అబద్ధానికి కూడా ఓపిక కావాలి. నాకది అప్పటికే అయిపోయింది. ట్యాబ్ తీసి, నమూనా దగ్గర్నుంచి రైళ్ల దాకా ఉన్నదంతా చెప్పేశాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. మేనమామను నేనే కల్పించానని తెలిసి వెనక వరస ఆవిడ మాత్రం, “ఓలమ్మో, ఆయన కోసం నాను ఏడిసినాను కదే” అంది. పెద్దమ్మ ఒక్కతే నా వంక చూడకుండా కోట కోడల్ని అడిగింది.

“అక్క సావదా?”

“సావదు పెద్దమ్మా.”

“మరి సిన్నది వస్తాదా?”

కోట కోడలు టీ గ్లాసులోకి చూసింది. “ఎప్పుడో సదివినాను. సివర గ్యాపకం నేదు” అంది.

ఆ సాయంత్రం ఒక్క గుప్పెడూ పడలేదు, తర్వాతి రోజూ లేదు. షెడ్డులో చాకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా రెండు చేతులతో నేను తీసిన పప్పు తూకంలో పెడితే ముల్లు బద్ధకంగా కదిలింది. మేస్త్రీ శనివారం దాకా చూస్తానన్నాడు. అప్పుడే పక్క మనిషి నాకు చెప్పింది. పెద్దమ్మకు బరంపురంలో ఒక చెల్లెలుంది. ఎవరి పెళ్లిలోనో వంట దగ్గర మాటామాటా అనుకుని, పన్నెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. పలాస నుంచి బరంపురం ఎంత దూరమని! పొద్దున్న పాసింజరెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఉండొచ్చు. జలుబు చేసిన పాపానికి శనివారం మూడున్నరకు నేను చంపేసింది ఎవర్నో అప్పటికి అర్థమైంది. చాకు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అంత సిగ్గు మళ్లీ ఎప్పుడూ పడలేదు.

గురువారం పెద్దమ్మే మౌనం విడిచింది. “ఆ పుస్తకం నిండాది ఎంతే?” అని అడిగింది. తొంభై తొమ్మిది రూపాయలని చెప్పాను. “తలో కాసింత ఏస్తే కొనగలమా?” అంది. మేనమామ ఉన్న నవల కొనాలని వెనక వరస పట్టుబట్టింది గానీ, పెద్దమ్మ మాట దాటే ధైర్యం ఎవరికీ లేదు. కోట కోడలు కార్డుతో కొనాలి, ఆమె ఫోనుకు వచ్చే నంబరు ట్యాబ్‌లో కొట్టాలి. షెడ్డులో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. జీడిపిక్కలు ఆరబోసే కళ్లం మీద ఎండలో, సిగ్నల్ దొరికిన చోట ఆమె ఒక మూల, నేనొక మూల నిలబడి అంకెలు అరుచుకున్నాం. మొదటిసారి గడువు దాటిపోయింది. రెండోసారి నేను ఆరును తొమ్మిదిగా విన్నాను. మూడోసారి షెడ్డంతా బయటికి వచ్చి అంకెల్ని ఒకరి నుంచి ఒకరికి అందించారు. మేస్త్రీ కూడా ఒక అంకె అందించాడు. పుస్తకం దిగింది. నా జీవితంలో డబ్బిచ్చి కొన్న మొదటి పుస్తకం అదే, అందులో నా వాటా అయిదు రూపాయలు.

అయితే అప్పటికి నాకు భయం పట్టుకుంది. శుక్రవారం మధ్యాహ్నం అన్నాల వేళ ఒక మూల కూర్చుని చివరి పేజీలు ముందే చదివేశాను. అక్క చనిపోదు. చెల్లెలు రాదు. ఏళ్లు గడుస్తాయి, అక్క రోజూ గుమ్మంలో దీపం పెట్టి లోపలికి వెళ్లిపోతుంది, అంతే. చాలా గొప్పగా ఉందా ముగింపు. అంత గొప్పగా ఎందుకు రాశాడా అని ఆ రచయిత మీద నాకు ఒళ్లు మండిపోయింది.

శనివారం అదే మూడున్నర. చివరి అధ్యాయంలోకి వచ్చాను. పెద్దమ్మ చాకు కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ అలా ఊరికే కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. తెర మీద అక్షరాలు కదులుతున్నాయి, నేను వేరే ఏదో చదువుతున్నాను. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు, “అప్పా, నేనే” అన్నారు. అక్క లేచి వెళ్లి, ఏమీ అడక్కుండా చెల్లెలి చేతిలో సంచీ అందుకుంది. ఇద్దరూ గడప మీదే కూలబడి ఏడ్చారు. అయిపోయింది. నిండా డబ్బిచ్చి కొన్న పుస్తకానికి కూడా చివర నేనే చెప్పాను.

వెనక వరస కొంగులతో కళ్లొత్తుకుంది. తర్వాత పెద్దమ్మ, “ఆ ముక్క ఇంకోపాలి సదువు” అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటికప్పుడు నోటికొచ్చింది అన్నాను, మళ్లీ అదే వరసలో ఎలా వస్తుంది? సంచీ ముందా, అప్పా అన్నది ముందా? నోరు తెరిస్తే దగ్గొచ్చింది. అంతలో పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ట్యాబ్ అందుకుంది. “వదినకి గొంతెండిపోనాది, నాను సదువుతాను” అంది కోట కోడలు. ఒక్క క్షణం తెర వంక చూసింది. దీపం, గుమ్మం, రాని చెల్లెలు, అన్నీ ఆమె కళ్ల ముందే ఉన్నాయి. తర్వాత వేలితో వరస వెంబడి చూపుతూ, నేను చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట పొల్లుపోకుండా చదివింది. సంచీతో సహా.

పని అయ్యాక కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటూ, “చివర జ్ఞాపకం లేదన్నావు కదా” అని అడిగాను. “ఉన్నాది వదినా. అందుకే సెప్పనేదు” అంది. ఆ సాయంత్రం నా తట్టలో గుప్పెళ్లు పడ్డాయి. నేను వాటిలో సగం ఆమె తట్టలో పోశాను.

సోమవారం పెద్దమ్మ పనికి రాలేదు. ఆవిడ నాగా పెట్టడం ఎవరికీ గుర్తులేదు. మంగళవారం ఎప్పటిలాగే వచ్చి చాకు తీసింది. అందరూ తన మొహమే చూస్తున్నారని గమనించి, పప్పు మీంచి కళ్లెత్తకుండానే చెప్పింది.

“పుస్తకంలో సిన్నది వచ్చినాది. మా సిన్నది రాదు, దానికి పొగరు. అందుకని నానే ఎల్లినాను. తలుపు తీసినాది. ఏటీ మాటాడనేదు. పీటేసినాది, కూకున్నాను. అన్నమెట్టినాది, తిన్నాను. వచ్చీసినాను.”

“మరి ఏడవనేదా పెద్దమ్మా?” అని వెనక వరస ఆశగా అడిగింది.

“ఏడవడానికేటున్నాది? పుస్తకాలు రాసినోళ్లకి ఏటీ తెలవదు. ఊరికే ఏడిపించీస్తారు” అంది పెద్దమ్మ. ఇంకో గుండు తట్టలో వేసి, “నాను గడప దిగతంటే మటుకు, వచ్చే నెల వస్తానన్నాది” అంది.

నేను రాసినదాని మీద (రాయలేదు, అన్నాను, అయినా సరే) వచ్చిన మొదటి విమర్శ అది. అంతకంటే న్యాయమైనది ఇప్పటికీ వినలేదు.

తర్వాత రెండేళ్లకు మిగిలిన పేపర్లు గట్టెక్కి, నరసన్నపేటలో ఈ బడి ఆఫీసులో చేరాను. ఒక్కోసారి ఆదివారం మధ్యాహ్నం, ఏదో నవల పూర్తి చేయలేక కళ్లు మూసుకుంటే, ఆ పంతులమ్మ కనబడుతుంది. ఉక్కలో చెమటలు కారుతూ, ఖాళీ తెర వంక అంత నమ్మకంగా చూస్తూ, రేపటి కూలి కోసం లోకంలో ఎవరెవరినో చంపుతూ, కలుపుతూ ఉంటుంది. నవ్వొస్తుంది, దాని గొంతు తలుచుకుంటే జాలీ వేస్తుంది. ఎప్పుడైనా ఎదురైతే ఒక గ్లాసు మంచినీళ్లు చేతిలో పెట్టి, “ఈ పూట నేను చదువుతాలే, నువ్వు కాసేపు ఒరుగు” అంటాను.